బిద్రీ హుక్కా : తాగినవారు, చేసినవారు

మన సొసైటీ వార్షిక సంచికకు ఏదైనా ఒక చరిత్ర వ్యాసం వ్రాసి ఇమ్మని కార్యదర్శి గారు కోరినప్పుడు, కోటల గురించి, యుద్ధాల గురించి వ్రాయాలా అని ఆలోచించాను. అవన్నీ బడి పుస్తకాలలో ఉన్నవే. పుస్తకాలలో లేనిది, మన ఇళ్ళలో ఒకప్పుడు ఉండినది ఒకటి జ్ఞాపకం వచ్చింది. దానిని గురించే ఈ నాలుగు మాటలు.

పెనుకొండలో మా నానీ ఇంటి ముందు గదిలో గోడకు ఒక గూడు ఉండేది. ఆ గూట్లో నల్లటి బుడ్డి ఒకటి. గంటను బోర్లించినట్టు అడుగు వెడల్పు, మెడ సన్నం. నల్లని ఒంటిమీద తెల్లని పూలు, తీగలు. మేము పిల్లలుగా ఉన్నప్పుడు అందులో కాగితం పూలు గుచ్చి పెట్టేవారు. ఈద్‌కు ముందురోజు దానిని దించి గుడ్డతో తుడిచే పని నాది. రెండు చేతులతో పట్టుకున్నా బరువే. “జాగ్రత్త, అది నవాబుగారు ఇచ్చిన ఇనాము” అని మా పెద్దమామూ హెచ్చరించేవారు. ఇంటికి వచ్చిన చుట్టాలకు కూడా అదే మాట చెప్పేవారు. చెప్పేటప్పుడు ఆయన కొంచెం నిటారుగా కూర్చునేవారు.

మా చిన్న ఖాలా పెండ్లి ఖర్చులకు ఇంట్లోని పాత సామాను అమ్మినప్పుడు ఆ బుడ్డి కూడా వెళ్ళిపోయింది. పాతసామాన్ల మనిషి దానిని అటు ఇత్తడిలోనూ కలపలేదు, ఇటు ఇనుములోనూ కలపలేదు. విడిగా తూచి, “ఇది సీసమో ఏమో” అని ఒక ధర కట్టి గోనెసంచిలో వేసుకున్నాడు. నేనే తలుపు దాకా ఆ సంచి పట్టి సాయం చేశాను. అది హుక్కా యొక్క నీళ్ళ బుడ్డి అనీ, బిద్రీ పని అనీ నాకు చాలా ఏళ్ళ తర్వాత గాని తెలియలేదు.

హుక్కా అంటే ఏమిటి?

ఈ కాలపు పిల్లలు సినిమాల్లో తప్ప హుక్కాను చూసి ఉండరు. అందుచేత ముందు దాని భాగాలు చెబుతాను. అరబ్బీలో హుక్కా అంటే చిన్న పెట్టె, పాత్ర అని అర్థం. అడుగున నీళ్ళు పోసే బుడ్డి. దాని మీద నిలువుగా నిలబడే గొట్టం నేచా. నేచా తలమీద మట్టితోనో లోహంతోనో చేసిన చిలుము. చిలుములో పొగాకు ముద్ద, దాని మీద చిన్న రేకు, ఆ రేకు మీద నిప్పులు. గాలికి రవ్వలు ఎగరకుండా పైన జల్లెడవంటి మూత, దాని పేరు సర్‌పోష్. ప్రక్కనుంచి పాములా మెలికలు తిరిగే పొడుగాటి గొట్టం బయలుదేరుతుంది. దాని కొసన నోటికి పెట్టుకునేది మునాల్. పీల్చినప్పుడు పొగ నీళ్ళగుండా వచ్చి గుడగుడమంటుంది. ఆ శబ్దాన్ని బట్టే చిన్న హుక్కాను మనవాళ్ళు గుడిగుడి అన్నారు.

పేదవాడికి కొబ్బరి చిప్పే నీళ్ళ బుడ్డి, వెదురు ముక్కే గొట్టం. దొరల ఇళ్ళలో అదే వస్తువు వెండిది, గాజుది, పచ్చరాతిది, బిద్రీది అయింది. పొగాకు కూడా వట్టి ఆకు కాదు. బెల్లపు పాకం, సుగంధ ద్రవ్యాలు, పండ్ల గుజ్జు కలిపి మాగబెట్టిన ఖమీరా. మన హిందూపురం బెల్లం మండీ వాసన ఎరిగినవారికి ఆ తీపి వాసన కొంతవరకు ఊహకు అందుతుంది.

పొగాకు మన వైపు నుంచే ఢిల్లీ వైపు పోయింది

హుక్కా అనగానే అందరూ మొగలాయీ దర్బారు అనుకుంటారు. కాని పొగాకు పుట్టుక అమెరికా ఖండం. పోర్చుగీసు ఓడల్లో పశ్చిమ తీరానికి దిగి, అక్కడినుంచి ముందుగా దక్కను దేశంలోకి వచ్చింది. అక్బరు చక్రవర్తి పంపగా బీజాపూరు వెళ్ళిన అసద్ బేగ్ అనే ఉద్యోగి దీనిని గురించి స్వయంగా వ్రాసిపెట్టాడు. 1604 ప్రాంతపు సంగతి ఇది. బీజాపూరులో అతడు మొదటిసారి పొగాకు చూశాడు. అటువంటిది ఉత్తరాదిన ఎన్నడూ చూడలేదట. కొంత పొగాకు కట్టించుకుని, చక్రవర్తికి నజరానాగా ఒక పొగగొట్టం కూడా తయారు చేయించాడు. మూడు మూరల పొడుగు గొట్టం, రెండు కొసలకూ రత్నాలు, మీనాపని. నోటి దగ్గర పెట్టుకునేది యెమెన్ దేశపు అకీకు రాయి. నిప్పు పెట్టేది బంగారంతో చేసినది. గొట్టాన్ని దాచడానికి వెండి ఒర, దానిమీద ముఖమలు తొడుగు. వెండి పళ్ళెంలో పెట్టి సమర్పించాడు.

అక్బరు దానిని చూసి, ఇదేమిటని అడిగాడు. దర్బారులోని పెద్ద ఖాన్-ఎ-ఆజం, ఇది పొగాకు అనీ, మక్కా మదీనాలలో అందరూ ఎరిగినదేననీ, మందుగా తెచ్చాడనీ చెప్పాడు. అక్బరు రెండు మూడు దమ్ములు లాగాడు. ఆస్థాన హకీము వద్దని అడ్డం పడ్డాడు. మన వైద్య గ్రంథాలలో దీని ప్రస్తావన లేదు, గుణం తెలియనిది చక్రవర్తి వాడరాదు అని ఆయన వాదన. అసద్ బేగ్ ఎదురు వాదించాడు. చివరకు అక్బరు అలవాటు చేసుకోలేదు. దర్బారు సర్దారులు మాత్రం చేసుకున్నారు. అసద్ బేగ్ తెచ్చినది పంచిపెట్టగా, అందరూ ఇంకా కావాలన్నారు. వ్యాపారులు దిగారు. వాడుక పాకింది. 1617లో జహాంగీరు దానిని నిషేధించినా ఆ మాట ఎవరూ లెక్కచేయలేదు.

ఇక్కడ ఒక పొరపాటు సవరించాలి. హుక్కాను కనిపెట్టినది అక్బరు హకీము అబుల్ ఫతహ్ గీలానీ అని చాలామంది వ్రాస్తారు, చెబుతారు. ఆయన 1589లోనే చనిపోయారు. అసద్ బేగ్ పొగాకు తెచ్చినది ఆ తర్వాత పదిహేనేళ్ళకు. తేదీలు ప్రక్క ప్రక్కన పెట్టి చూస్తే ఈ కథ నిలవదు. చరిత్రలో ఏ గొప్ప మాట విన్నా ముందు తేదీలు చూడండి అని నేను పిల్లలకు చెప్పేది ఇందుకే.

ఆ నాటికి మన పెనుకొండ ఎవరి చేతిలో ఉంది? 1565లో విజయనగరం ఓడిన తర్వాత ఆరవీటి రాజులు పెనుకొండను రాజధాని చేసుకున్నారు. తర్వాత రాజధాని చంద్రగిరికి మారింది. 17వ శతాబ్దం మధ్యలో పెనుకొండ బీజాపూరు వశమైంది. 1686లో ఔరంగజేబు బీజాపూరును గెలిచాక, మన పొరుగున ఉన్న సిరా కేంద్రంగా ఒక సుబా ఏర్పడింది. దానిక్రింద ఏడు పరగణాలు. అందులో పెనుకొండ ఒకటి. అంటే పొగాకు ఏ బీజాపూరు నుంచి ఢిల్లీ వైపు వెళ్ళిందో, ఆ బీజాపూరు సర్దారులే కొంతకాలానికి మన ఊరికి దొరలయ్యారు. వారితో వారి అలవాట్లూ వచ్చాయి.

నల్లని లోహం, తెల్లని పూలు

ఇక బిద్రీ మాట. బీదరు పట్టణం పేరుమీద వచ్చినదే బిద్రీ. 15వ శతాబ్దంలో బహమనీ సుల్తాను అహ్మద్ షా వలీ తన రాజధానిని గుల్బర్గా నుంచి బీదరుకు మార్చాడు. ఇరాను నుంచి వచ్చిన పనివాళ్ళతో ఈ విద్య అక్కడ మొదలైందని చెప్పుకుంటారు. ఇప్పటికి మిగిలిన పాత బిద్రీ సామాను ఎక్కువగా 17వ శతాబ్దం, ఆ తరువాతి కాలానికి చెందినది. అందులో హుక్కా బుడ్డులదే పెద్ద పీట. పాన్‌దాన్లు, చెంబులు, పళ్ళేలు కూడా ఉన్నాయి. మొదట్లో బుడ్డి కొబ్బరికాయలాగా గుండ్రంగా ఉండేది. నేలమీద దొర్లిపోకుండా క్రింద చుట్టకుదురు పెట్టేవారు. 18వ శతాబ్దంలో గంట ఆకారం వచ్చింది. అడుగు చదును కాబట్టి తివాచీ మీద కదలకుండా నిలుస్తుంది. మా నానీ ఇంటి బుడ్డి ఈ రకానిదే.

దీనిని చేసే పద్ధతి ఆశ్చర్యకరమైనది. చాలామంది అనుకున్నట్టు ఇది ఇనుము కాదు, సీసమూ కాదు. తుత్తునాగం, అంటే జస్తు. అందులో కొద్దిగా రాగి కలుపుతారు. ఇసుక అచ్చులో పోతపోసి, ఆకురాయితో నునుపు చేస్తారు. అప్పుడది తెల్లగానే ఉంటుంది. తెలుపు మీద గీత కనబడదు గనుక మైలుతుత్తం నీళ్ళు పూసి తాత్కాలికంగా నల్లబరుస్తారు. ఉక్కు మొనతో పూలు, తీగలు గీస్తారు. చిన్న ఉలితో ఆ గీత వెంబడి కాలువ తవ్వుతారు. ఆ కాలువలో వెండి తీగ పెట్టి సుత్తితో కొడతారు. తీగ పని అయితే తార్‌కషీ అంటారు. వెండి రేకు ముక్కలు పొదిగితే తహ్‌నిషాన్ అంటారు. ఇంత చేసినా, మళ్ళీ నునుపు పట్టేసరికి వెండీ జస్తూ ఒకటే తెలుపు, చేసిన పనేదీ కంటికి ఆనదు.

అసలు కిటుకు చివరన ఉంది. బీదరు కోటలో ఎండా వానా తగలని పాత గోడల చాటు మన్ను తెస్తారు. మంచి మన్ను అవునా కాదా అని పనివాడు నాలుక మీద వేసుకుని చూస్తాడు. ఆ మన్నులో నవసాగరం, నీళ్ళు కలిపి, సామానును వెచ్చజేసి రుద్దుతారు. చూస్తుండగానే లోహం నల్లబడుతుంది. వెండి మాత్రం తెల్లగానే ఉంటుంది. కడిగి, నూనె రాస్తే అమావాస్య రాత్రి నక్షత్రాలు పొడిచినట్టు పూలు బయటపడతాయి. ఒక మంచి బుడ్డికి పోతపోసేవాడు, నక్షా గీసేవాడు, వెండి పొదిగేవాడు, ఇంతమంది చేతులు పడాలి.

దొరలూ, హుక్కా బర్దారులూ

ఇంత శ్రమపడి చేసిన వస్తువు ఎవరికోసం? నవాబులు, జాగీర్దారులు, సర్దారుల కోసం. దర్బారులో హుక్కా అంటే మర్యాదకు కొలత. ఎవరి ముందు హుక్కా పెట్టారు, ఎవరి ముందు పెట్టలేదు అన్నదానిని బట్టి అంతస్తు తెలిసేది. ఒకరి హుక్కా గొట్టాన్ని మరొకరు దాటి నడిస్తే అది పెద్ద అవమానం. కులం కట్టుబాటుతో వెలివేయడాన్ని ‘హుక్కా పానీ బంద్’ అని ఉర్దూలో ఇప్పటికీ అంటాము. హుక్కా పోయినా సామెత మిగిలింది.

దొరకు హుక్కా ఉంటే చాలదు, దానికొక మనిషి ఉండాలి. అతడే హుక్కా బర్దార్. నీళ్ళు మార్చడం, చిలుము నింపడం, నిప్పు సరిజూడడం, దొర ఎక్కడికి పోతే అక్కడికి మోసుకుపోవడం అతని పని. ఇంగ్లీషు కంపెనీ దొరలకు కూడా ఈ మోజు పట్టింది. 1779లో కలకత్తాలో వారన్ హేస్టింగ్సు దంపతులు ఒక విందుకు పిలుపు పంపుతూ, నౌకర్లను వెంట తేవద్దు, హుక్కా బర్దారును మాత్రం తేవచ్చు అని వ్రాశారు. భార్యకు ఎంత చోటో హుక్కా బర్దారుకూ అంత చోటు ఉండేదన్నమాట!

ఇప్పుడు మన మూడు ఊళ్ళ సంగతికి వస్తాను. 18వ శతాబ్దంలో ఈ సీమ చేతులు మారినన్ని సార్లు హుక్కా గొట్టం కూడా చేతులు మారి ఉండదు. సిరా నవాబులు, గుత్తి మురారిరావు ఘోర్పడే, ఆ తర్వాత హైదర్ అలీ, టిప్పు సుల్తాను. హిందూపురం పేరును మురారిరావు తండ్రి హిందూరావుతో ముడిపెట్టి చెబుతారు. 1792లోనూ, 1799లో టిప్పు మరణించాకనూ మైసూరు రాజ్యం పంచుకున్నప్పుడు ఈ ప్రాంతం హైదరాబాదు నిజాముకు దక్కింది. నిజాం అలీ ఖాను దానిని ఎక్కువకాలం ఉంచుకోలేదు. 1800 అక్టోబరు 12న కంపెనీతో చేసుకున్న ఒప్పందంలో, తనకు కాపలా ఉండే కంపెనీ సైన్యం ఖర్చుకింద మైసూరు నుంచి వచ్చిన భూములన్నీ ఇచ్చివేశాడు. అప్పుడు హైదరాబాదు దివాను అరస్తూజా. కంపెనీ తరఫున సంతకం చేసినవాడు రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్. పెనుకొండ, హిందూపురం, ధర్మవరం అన్నీ ఆ ఒక్క కాగితంతో కంపెనీవారివైనాయి. అందుకే మన ప్రాంతానికి దత్తమండలం అని పేరు. పన్ను కట్టే రైతును, మగ్గం నేసేవాణ్ణి అడిగినవారు లేరు. ఆ వెంటనే థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి 1807 దాకా భూములు కొలిపించి శిస్తు కట్టించాడు.

మ్యూజియంలో ఆ బుడ్డి మీది వెండిని చూసినప్పుడు నాకు ఇది తప్పక తోస్తుంది. ఆ వెండి ఏ జాగీరు శిస్తులోనిదో! దొర ఒక్క దమ్ము లాగే ముందు ఎంతమంది రైతుల చెమట అందులో పొదిగి ఉందో!

ఆ రోజులు ఎలా పోయాయి?

19వ శతాబ్దం సగానికి వచ్చేసరికి ఇంగ్లీషు దొరలు హుక్కా మాని చుట్టకు దిగారు. చుట్టకు బర్దారు అక్కరలేదు, జేబులో పడుతుంది. ఆ తరువాత సిగరెట్టు వచ్చింది. హైదరాబాదు సంస్థానంలో మాత్రం హుక్కా ఇంకొంతకాలం నిలిచింది. 1948లో ఆ సంస్థానం భారత దేశంలో కలిసింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. మనకు దగ్గరి నవాబు సంస్థానమైన బనగానపల్లె కూడా 1948లో మద్రాసు రాష్ట్రంలో కలిసింది. రాబడి పోయిన దేవిడీలలో సామాను ఒక్కొక్కటే బజారుకు వచ్చింది. 1956లో రాష్ట్రాలు మారినప్పుడు బీదరు కూడా మైసూరు రాష్ట్రంలోకి, అంటే ఇప్పటి కర్ణాటకలోకి పోయింది. అయినవి అయిపోగా, మిగిలినవి మ్యూజియాలకు చేరాయి. కొన్ని మా నానీ ఇంటి గూటివంటి గూళ్ళకు చేరాయి.

కొన్నేళ్ళ క్రిందట మా బడి పిల్లలను హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకుపోయాను. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ జీవితమంతా కూడబెట్టిన వస్తువులతో 1951లో తెరిచిన మ్యూజియం అది. బిద్రీ సామాను ఉన్న గదిలో అద్దం వెనుక అదే గంట ఆకారం, అవే తెల్లని పూలు. నేను చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. తలుపు దాకా సంచి పట్టిన నా చేతులే నాకు గుర్తుకొచ్చాయి. ప్రక్కనున్న తొమ్మిదవ తరగతి పిల్లవాడు చీటీ చదివి, “సర్, ఏ ఊరిదో రాశారు, ఏ కాలందో రాశారు. చేసినాయన పేరు రాయలేదేం?” అని అడిగాడు. ఆ వస్తువు మీద చేసినవాని పేరు ఉండదు బాబూ, అన్నాను. “మరి మనవాళ్ళు తాగినవాళ్ళా, చేసినవాళ్ళా?” అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను.

ఊరికి వచ్చాక నానీని అడిగాను. అప్పటికి ఆమెకు చూపు ఆనడం లేదు, జ్ఞాపకం మాత్రం చెక్కుచెదరలేదు. ఆమె ఉర్దూలో చెప్పినదానిని తెలుగులో వ్రాస్తున్నాను. “నవాబెవరు బేటా! మీ ముత్తాత గిన్నెలకు కలాయి పెట్టేవాడు. పని లేని రోజుల్లో ఒక ఇనాందారు ఇంట్లో హుక్కా తోమి, చిలుము నింపేవాడు. వాళ్ళు ఇల్లమ్ముకొని ఊరు విడిచిపోయేటప్పుడు జీతం బాకీ ఉండింది. డబ్బు లేదు, ఇది తీసుకో అని ఆ బుడ్డి చేతిలో పెట్టినారు. ఇనాము అని మీ మామూ తర్వాత అన్నాడు. అనుకోనీ అని నేను ఊరుకున్నాను.”

నా మనసుకు మొదట కొంచెం చిన్నతనం కలిగిన మాట నిజం. తర్వాత ఆలోచించాను. ఇనాము అనుకున్నంతకాలం అది ఒకరి దయ. జీతం బాకీ అని తెలిశాక అది మా ముత్తాత కష్టార్జితం. అటువంటిదానిని మేము సీసం ధరకు తూచి ఇచ్చాము.

మనం చేయవలసినది

సోదరులారా, మనలో చాలా కుటుంబాలలో ఇటువంటి మాట ఒకటి ఉంటుంది. మా తాతలు నవాబులు, మా ముత్తాతలు జాగీర్దారులు అని. ఎక్కడో ఒకరిద్దరు అయి ఉండవచ్చు. మిగిలిన మనం ఎవరం? దూది ఏకినవారి, మగ్గం నేసినవారి, కలాయి పెట్టినవారి, గుర్రాలకు నాడాలు కొట్టినవారి, సిపాయిల, హుక్కా బర్దారుల సంతానం. ధర్మవరంలో పట్టుచీర నేసే మనిషిని అడగండి. పెండ్లిలో చీర కట్టిన అమ్మాయి ఫొటో పదిమందీ చూస్తారు, నేసినవాని పేరు అడిగేవారు లేరు. బిద్రీ పనివాడి కథా అంతే. పిల్లలకు లేని నవాబీని చెప్పి పెంచితే చేతిపని చేయడానికి సిగ్గుపడతారు, చదువుకు వంగరు. ఉన్నదున్నట్టు చెబితే, చేతిలో విద్య ఉన్నవాడు రాజ్యాలు మారినా బ్రతుకుతాడని తెలుసుకుంటారు.

ఇంకొక మాట. మన కుర్రవాళ్ళు బెంగుళూరులో ఉద్యోగాలకు పోయి, అక్కడ హుక్కా బార్లలో కూర్చొని నవాబీ షౌక్ అనుకున్నారు. నీళ్ళు పొగను చల్లబరుస్తాయి, దాని విషాన్ని కడిగివేయవు. 2024 ఫిబ్రవరిలో అటు కర్ణాటక, ఇటు తెలంగాణ హుక్కా కేంద్రాలను నిషేధించాయి. నాలుగు వందల ఏళ్ళ క్రిందట అక్బరును ఆపిన ఆ హకీము మాటే చివరికి నెగ్గింది. కాబట్టి బుడ్డిని దాచుకుందాం, పొగను వదిలేద్దాం.

సంతోషకరమైన సంగతి చెప్పి ముగిస్తాను. 2023లో భారత ప్రభుత్వం బీదరుకు చెందిన బిద్రీ పనివారు షా రషీద్ అహ్మద్ ఖాద్రీ గారికి పద్మశ్రీ ఇచ్చింది. నా విద్యార్థి అడిగిన ప్రశ్నకు ఒక్క జవాబైనా దొరికింది. చేసినాయన పేరు ఇప్పుడు దేశానికి తెలుసు. ఆ రోజు పేపరు కత్తిరించి మా తరగతి గోడకు అంటించాను.

మీ ఇండ్లలో అటకల మీద, గూళ్ళలో నల్లబడిన బుడ్డిగాని, పాన్‌దాన్ గాని ఉంటే దయచేసి తూకానికి వేయకండి. ముందు ఇంటి పెద్దవారిని అడిగి, అది ఎలా వచ్చిందో, ఎవరి చేతిపనో, వారు ఏ పని చేసేవారో ఒక కాగితం మీద వ్రాసి దానితోపాటు ఉంచండి. వస్తువు పోయినా కాగితమైనా మిగులుతుంది. మా ఇంట్లో బుడ్డి లేదు. మా నానీ కూడా ఇప్పుడు లేరు. నేను వ్రాసి ఉంచుకోగలిగినది ఈ వ్యాసమే.